అడిమినప్పకు వాకిలి తీసిన అత్త

అత్త పోయిందని కుప్పం పాప ఫోన్ చేసినప్పుడు నేను పుంగనూరు బస్టాండు ముందర అరటిపండ్లు బేరం చేస్తున్నాను. "తెల్లారేసరికి పోయుండాదన్నా. నిద్దర్లోనే నంట," అంది.  ఉండి ఉండి మళ్లీ తనే అంది: "పైన వాకిలి కాడ ఉండేవాళ్లు ఈమెను ఎవురని అడిగింటారు. ఈమె తిరగబడి, ముందు నువ్వెవురప్పా అని వాళ్లనే అడిగింటాది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. అవతల పాప కూడా నవ్వుతోంది, మధ్యమధ్యలో ముక్కు చీదుతోంది. పండ్లమ్మే ఆమె నా వైపు చూసి, "ఏమప్పా, మంచి కబురా?" అంది. కాదమ్మా, చావు కబురు అంటే ఆమె నమ్మలేదు.

అత్త నాకేమీ చుట్టం కాదు. మా ఓనరుకు దూరపు వరసలో అత్త. ఆయన అలా పిలిచేవాడు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. చివరికి నారు కొనడానికొచ్చిన రైతులు కూడా, ఆమె కంటే పెద్దవాళ్లు, అత్తా అనేవాళ్లు. బక్కపల్చటి మనిషి. కళ్లద్దాలకు ఒక వైపు పుల్ల విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకునేది. నడుము దగ్గర ఒక వక్కాకు సంచి. అందులో ఆకులు, వక్కలు, సున్నం డబ్బా, వాటి మధ్యలో సెల్‌ఫోను. ఫోను తీసినప్పుడల్లా దానికంటుకున్న ఆకు ఊడదీసి నోట్లో వేసుకునేది.

మాది నారు కంపెనీ. మదనపల్లె దాటి పుంగనూరు వచ్చే రోడ్డు పక్కన పచ్చ నెట్లు కప్పిన పందిళ్లు వరసగా ఉంటాయి. వాటి కింద ట్రేలల్లో టమోటా నారు, మిరప నారు, కోసుగడ్డ, అంటే క్యాబేజీ నారు. పందిట్లో పైనుంచి మంచు కురిసినట్టు నీళ్లు చల్లే పైపులుంటాయి, ఫాగర్లంటారు. పుంగనూరులో ఒక గది, కుప్పంలో ఒక గది బ్రాంచీలు. పుంగనూరు నేను చూసేవాణ్ణి, కుప్పం పాప చూసేది. ఆ పిల్లది రామకుప్పం పక్క పల్లె. వ్యవసాయం చదివింది. ఏ నారుకు ఎప్పుడు నీళ్లియ్యాలో ఆ పిల్లే చూసుకోవాలి.

అయితే అన్నిటికీ కలిపి కంప్యూటరు ఒక్కటే, అదీ మదనపల్లె ఆఫీసులో. ఏ నెట్టు కింద ఏ నారుంది, ఏ రైతుకు ఎప్పుడు ఇయ్యాలి, ఫాగర్లు ఎప్పుడు తిరగాలి, అంతా దాంట్లోనే. అక్కడ కూర్చున్నవాళ్లే దాన్ని చూడగలరు. మేం ప్రతిదానికీ ఫోన్ చేసి విసిగించేవాళ్లం. దాంతో ఓనరు బెంగళూరు నుంచి ఒకాయన్ను పిలిపించాడు.

బెంగళూరాయన వచ్చి చిన్న పెట్టె ఒకటి గోడకు కొట్టాడు. నన్నూ ఆఫీసువాళ్లనూ కూర్చోబెట్టి, కుప్పం పాపను ఫోన్లో పెట్టుకుని చెప్పాడు: "బయట నుంచి ఎవర్నీ నేరుగా కంప్యూటర్ దగ్గరికి రానియ్యకూడదు. అందుకని మధ్యలో ఈ గేట్‌వే. పుంగనూరు వాళ్లు, కుప్పం వాళ్లు ముందు దీని దగ్గరికి రావాలి. ఇది పేరూ, పాస్‌వర్డూ చూస్తుంది. తర్వాత సెల్‌ఫోనుకు ఒక ప్రశ్న పంపుతుంది, రానియ్యొచ్చా అని. పచ్చ బొత్తాం నొక్కితే లోపలికి, ఎర్రది నొక్కితే బయటికి. ఒకసారి లోపలికొస్తే ఇక మీరు ఈ ఆఫీసులో కూర్చుని పనిచేసినట్టే."

ఆ ప్రశ్న ఎవరి ఫోనుకు వాళ్లకే రావాలి. అది పద్ధతి. కానీ మా ఓనరు ఎవర్నీ నమ్మే రకం కాదు. మా బుకింగులు పక్క నర్సరీవాళ్లకు ఎట్లా తెలుస్తున్నాయో ఆయనకు అంతుపట్టడం లేదు. "అందరికీ కలిపి ఒకే ఫోను. మా అత్త ఫోను," అన్నాడు.

"సార్, అట్లా ఎవరూ చెయ్యరు," అన్నాడు బెంగళూరాయన.

"మేం చేస్తాం."

అత్త ఆ నర్సరీ గేటు దగ్గర ఎన్నో ఏళ్లుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. భర్త పోయినాక వచ్చి చేరింది. పిల్లల్లేరు. ఆఫీసు వెనక గదిలోనే కాపురం. వచ్చే ఆటోను ఆపి ఎవరని అడగడం, పోయే ట్రాక్టరును ఆపి ఏముందని అడగడం ఆమె పని. బెంగళూరాయన చెప్పిందంతా విని, ఫోను తిప్పి తిప్పి చూసి, "దీంట్లో కొత్తేముండాది? వాకిలి కాడ కూర్చునేదే గదా, నేను చేస్తాండేది," అంది. ఆయన సంతోషపడి, "కరెక్టమ్మా, అదే," అన్నాడు. పాపం, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు నేను పుంగనూరులో కంప్యూటరు తెరిచి, పేరు కొట్టి, పాస్‌వర్డు కొట్టి, కూర్చున్నాను. తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి. లోపలికి పోవడం లేదు. అంతలో నా ఫోను మోగింది.

"ఎవురప్పా అది?"

"నేనే అత్తా, పుంగనూరు నుంచి."

"నువ్వేనని నాకెట్ల తెలుస్తాది?"

"నా గొంతు తెలీదా?"

"గొంతు తెలుస్తాది. వచ్చేది నువ్వేనా అని అడగతాండా. సరే, అన్నం తింటివా?"

"తింటి."

"ఏం కూర?"

వంకాయ అన్నాను. వంకాయ ఎంత మసాలా పెట్టి చెయ్యాలో చెప్పింది. మా అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయో అడిగింది. నా ముందర ఇద్దరు రైతులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి, "సరే, రా లోపలికి," అంది. టక్కుమని కంప్యూటరు తెరుచుకుంది. సున్నం అంటిన బొటనవేలితో ఆమె ఆ పచ్చ బొత్తాం నొక్కడం నాకు పుంగనూరు దాకా కనిపించినట్టయింది.

లోపలికి పోవడం ఒక ఎత్తు, బయటికి రావడం ఒక ఎత్తు. పనైపోయి ఊరికే మూసేస్తే వెంటనే ఫోనొచ్చేది. "చెప్పకుండా పోతివే?" అందుకని, పోయొస్తానత్తా అని ఫోన్ చేసి చెప్పి అప్పుడు మూసేవాళ్లం. మధ్యలో ఇంటర్నెట్టు పోతే ఇంకా కష్టం. "అంత బిన్నా, అంత తొందరగా లేసి పోతివి, నేనేమన్నా అంటినా?" అనేది. ఇంటర్నెట్టు పోయిందత్తా అంటే, "కోపమేం లేదు గదా?" అని రెట్టించి అడిగేది. బెంగళూరాయన, ఊరికే ఉన్నవాళ్లను కాసేపటికి దానంతటదే బయటికి పంపేసేలా పెట్టాడు. అది తెలిసి అత్త ఆయనతో పెద్ద గొడవ పెట్టుకుంది. "ఇంటికొచ్చినోళ్లు మాట్లాడకుండా కూసున్యారని మెడపట్టి గెంటతారా మీ బెంగళూర్లో?" అంది. ఆయన భద్రత గురించి చెప్పబోయాడు. అత్త ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఆయనే ఆ గడువును పొడిగించాడు.

కంప్యూటరు గదిలో ఆమె మూడు కుర్చీలు వేయించింది. గోడవార ఉన్నది పుంగనూరుది, కిటికీ పక్కది కుప్పంది, ఫ్యాను కింద ఉన్నది ఓనరుది. ఎవరు లోపలికొస్తే వాళ్ల కుర్చీని పైటతో తుడిచి, కొంచెం ముందుకు జరిపేది. ఒకసారి నేను నిజంగానే ట్రేలు తీసుకుపోవడానికి మదనపల్లె పోయినప్పుడు కళ్లారా చూశాను. పెద్దమండ్యం రైతు ఒకాయన, ఎండన పడి వచ్చినవాడు, కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉందని కూర్చోబోయాడు.

"ఆడొద్దప్పా, ఆడ కుప్పం పాప ఉండాది," అంది అత్త.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. కుర్చీని చూశాడు. నన్ను చూశాడు. అత్త ముఖంలో వేళాకోళం ఏమీ లేదు. ఆయన తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, ఆ కుర్చీకి ఒక దండం పెట్టి, పోయి గడప మీద కూర్చున్నాడు. నారు తీసుకుని పోయేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "ఆ పాప ఎట్ల పోయిందప్పా, పాపం?" అని అడిగాడు.

ఏనుగులొచ్చిన రోజు సంగతి చెప్తే గాని అత్త ఎలాంటి మనిషో తెలియదు. మంచి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. పాప వాళ్ల ఊరి పక్కన రాగిచేన్లోకి ఏనుగుల గుంపు దిగింది. ఎవరూ ఇల్లు కదలొద్దని చెప్పేశారు. పాప ఇంట్లోనే కూర్చుని మదనపల్లెకు రావడానికి పేరు కొట్టింది. అత్త నుంచి ఫోను.

"ఎవురమ్మా అది?"

"నేనే అత్తా. బిన్నా ఒత్తు. నారు వాడిపోతాది, ఫాగర్లు వెయ్యాల."

"ఏందే ఆ శబ్దం?"

"టపాకాయలు కాలస్తాండారత్తా. ఏనుగులొచ్చినాయి."

"ఏనుగులా! యాడ?"

"ఈడే, మా చేన్ల పక్కన."

"ఏనుగులుంటే నువ్వు ఏల బయల్దేర్తివి? ఇంట్లోనే ఉండు. దావలో అడ్డమొస్తే ఏం జేస్తావు?"

"అత్తా, నేను ఇంట్లోనే ఉండాను. ఇంట్లోనుంచే వస్తాండాను."

"అదే గదమ్మా నేను వద్దంటాండేది. ఇంట్లో ఉండానంటావు, వస్తాండానంటావు. ఆడపిల్లవి, మీ అమ్మకు నేనేం సమాధానం సెప్పేది? ఏనుగులు పోయినాక రా."

ఎర్రది నొక్కింది. పాప మళ్లీ కొట్టింది. అత్త మళ్లీ ఎర్రది నొక్కింది. పాప ఏడుపు గొంతుతో నాకు ఫోన్ చేసింది. నేను పేరు కొట్టాను. పుంగనూరు దావలో ఏనుగుల్లేవని ఒట్టేయించుకుని అత్త నన్ను రానిచ్చింది. ఏ నెట్టుకు నీళ్లు వదలాలో పాప చెప్తోంది గాని, టపాకాయల మోతలో ఒక్క ముక్క వినపడలేదు. నారు చచ్చేకంటే ఇది మేలని అన్ని నెట్లకూ వేసేశాను. ఆ సమయంలో ఒక నెట్టు కింద ఓనరు, విత్తనాల కంపెనీ నుంచి వచ్చిన సూటుబూటు పెద్దమనుషులకు, తన నారు గొప్పతనం వివరిస్తున్నాడు. అందరూ తడిసి ముద్దయ్యారు. అత్త పరుగున పోయి వాళ్లకు తుండుగుడ్డలిచ్చి, "ఏమనుకోవద్దండి నాయనా, కుప్పంలో ఏనుగులొచ్చినాయి, అందుకని," అని చెప్పింది. వాళ్లు తల తుడుచుకుంటూ ఆ మాటను చాలాసేపు ఆలోచించారట.

ఇట్లా నడుస్తుండగా ఒక రోజు అత్త నాకు ఫోన్ చేసి, "మనోళ్లలో అడిమినప్ప అని ఎవురన్నా ఉండారా?" అని అడిగింది.

మా పక్క ప్రతి ఊళ్లో ఒక మునెప్పో, గంగప్పో ఉంటారు. ఇదెవరో కొత్త అప్ప అనుకున్నాను. ఫోన్లో వచ్చినదాన్ని ఇంగ్లీషు అక్షరాలుగా ఒక్కొక్కటే చదవమన్నాను. ఆమె కూడబలుక్కుని చదివింది. అడ్మిన్. అంటే ఆ కంప్యూటరుకు పెద్ద తాళంచెవి లాంటి పేరు. బెంగళూరాయన తప్ప ఎవరూ వాడరు. ఆయనకు ఫోన్ చేస్తే నేను కాదన్నాడు. ఎవరో పాస్‌వర్డు పట్టేశారు, వచ్చే వారం వచ్చి మారుస్తాను, అంతదాకా ఎర్రదే నొక్కమనండి అన్నాడు.

ఎక్కడ నుంచి వస్తున్నాడో కూడా ఫోను చూపిస్తోంది. ఆ ఊరి పేరు వెతికి చూశాను. ఏడాదిలో సగం మంచు కురిసే దేశం. అత్తకు చెప్తే, "అంత చలిలో నుంచా?" అంది.

"అత్తా, వాడు దొంగ."

"దొంగోడు వాకిలి కాడ నిలబడుకుని, లోపలికి రానా అని అడగతాడా?"

ఓనరు కూడా గట్టిగానే చెప్పాడు. అత్త సరేనంది. కానీ ఆ అడిమినప్ప విడిచిపెట్టే రకం కాదు. పొద్దున అడిగేవాడు, అన్నం తినే వేళ అడిగేవాడు, ఆమె నడుం వాల్చగానే అడిగేవాడు. ఇదొక మోసమట. విసిగి విసిగి మనం ఎప్పుడో ఒకసారి పచ్చది నొక్కేస్తామని వాళ్ల ఆశ. కానీ అత్త విసుక్కోలేదు. దిగులు పడింది. ఎర్రది నొక్కినప్పుడల్లా, "ఇప్పుడు కాదు నాయనా, మా ఓనరు ఒప్పుకోడు," అని ఫోనుకు చెప్పేది. పాపతో, "పాపం, తిండి తిన్యాడో లేదో," అందట. ఒక రోజు మధ్యాహ్నం దాకా వాడు అడగకపోతే, ఏమైందోనని నాకు ఫోన్ చేసింది.

ఆ వారంలోనే, శుక్రవారం నా ఫోను మోగింది. వీడియో కాల్. తెర నిండా అత్త ముక్కు.

"అబ్బీ, అడిమినప్ప వచ్చినాడు. రానిచ్చినాను. కాఫీ గూడా పెట్టినాను. వచ్చినప్పట్నుంచి కంప్యూటర్లో ఏందేందో ఎర్రగా రాస్తాండాడు. ఇంగ్లీషు. రవ్వంత సదివి సెప్పు."

ఫోను తిప్పింది. ముందు ఫ్యాను కింద కుర్చీ కనిపించింది. ఓనరు కుర్చీ. దాని ముందర స్టూలు మీద కాఫీ గ్లాసు, పొగలు కక్కుతోంది. తర్వాత కంప్యూటరు. నల్లటి తెర మీద ఎర్రటి అక్షరాలు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాము, తెరవాలంటే డబ్బు కట్టండి, ఈ చిరునామాకు రాయండి, అని ఉంది.

చదివి చెప్పాను. అత్త ఫోనును మళ్లీ కాఫీ గ్లాసు వైపు తిప్పింది.

"ఇంట్లోకి రానిచ్చి, ఫ్యానేసి, కాఫీ పెడితే..."

"వాడు తాగడు గదత్తా."

"తాగకపోతే మాత్రం! ఫ్యాను లేకుండా ఎంతసేపు కూర్చుంటాడో సూస్తా."

వద్దత్తా అనేలోపలే పోయి మెయిను ఆపేసింది. ఆఫీసుకు ఒక్కదానికే కాదు, మొత్తం నర్సరీకి. దానివల్ల మేలు జరిగిందా, కీడు జరిగిందా అని తర్వాత బెంగళూరాయన్ను అడిగితే, ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. కరెంటు మళ్లీ వేసినా ఫాగర్లు తిరగలేదు. వాటికి చెప్పాల్సిన కంప్యూటరు ఎర్ర అక్షరాలు తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు. చేత్తో తిప్పే వాల్వులుండేవి గాని, ఆటోమేటిక్ వచ్చినప్పుడే వాటిని పాత ఇనుముకు వేసేశారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నెట్ల కింద, వారం రోజుల్లో రైతులకు ఇయ్యాల్సిన నారు.

ఓనరు అత్తను అందరి ముందరా నానా మాటలన్నాడు.  ఆమె బాయి గట్టున పడున్న, నారుకు నీళ్లు చల్లే రోజ్‌క్యాను తీసుకుని, నీళ్లు ముంచుకుని, మొదటి నెట్టు కిందికి పోయింది.

నేను దొరికిన బస్సెక్కి మదనపల్లె పోయాను. పాప కూడా కుప్పం నుంచి బయల్దేరి, బస్సులు మారి మారి పొద్దు వాలేసరికి వచ్చింది. అప్పటిదాకా ఆ పిల్లను అత్త చూసింది లేదు. దినామూ గొంతు వినడమే, కుర్చీ తుడవడమే. ఇప్పుడు గేటులో నుంచి చెమటలు కక్కుకుంటూ ఒక మనిషి వస్తే, అత్త క్యాను కింద పెట్టి నిలబడిపోయింది. "నేనత్తా, కుప్పం నుంచి," అంది పాప. అత్త కొత్త చుట్టాన్ని చూసినట్టు సిగ్గుపడింది. పైట సర్దుకుంది. "ఇంత పొట్టిగా ఉండావే," అంది.  పాప తన కుర్చీ ఏదని అడిగి, దాని మీద కూర్చుని నీళ్లు తాగింది. అత్త గడపలో నిలబడి, ఆ కుర్చీ వైపే చూసింది.

రోజులకు రోజులు చేత్తో నీళ్లు పోశాం. నారు కోసం వచ్చిన రైతులు కూడా బిందెలు పట్టుకున్నారు. కుర్చీకి దండం పెట్టిన పెద్దమండ్యం ఆయన పాపను చూసి, ఎవరో తెలుసుకుని, "బతికే ఉండావా తల్లీ!" అని బిందె కిందేశాడు.

ఆ మధ్యలోనే ఒక మధ్యాహ్నం అత్త నా దగ్గరికొచ్చి, ఆ అడిమినప్ప ఇచ్చిన చిరునామాకు నాలుగు ముక్కలు రాయమంది. ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే, తను చెప్పింది చెప్పినట్టు. రాశాను. "నాయనా, ఇది బ్యాంకు కాదు. నారు. పసిబిడ్డల మాదిరి. నువ్వు తాళం తియ్యకపోతే ఎండిపోతాది. కాడెద్దులు కట్టి దున్నుకుని రైతులు ఎదురుసూస్తాండారు. నువ్వు తిరగా వచ్చి తాళం తీసి పో. నేను ఏమీ అనను."

మర్నాడు జవాబొచ్చింది. ఏదో మిషను చేసిన తెలుగు. "ప్రియమైన గౌరవనీయ అత్త. మీ దుఃఖము స్వీకరించబడినది. పసి బిడ్డలు ఎండుట మాకు సంతోషము లేదు. మీకు మాత్రమే సగం తగ్గింపు. మూడు దినముల లోపల త్వరపడండి."

నేను గట్టిగా చదివాను. నీళ్లు పోసేవాళ్లంతా క్యాన్లు పట్టుకుని విన్నారు. ఓనరు నుదురు కొట్టుకున్నాడు. అత్త ముఖం మాత్రం విప్పారింది. "సూస్తిరా? అంత దూరంలో ఉండేవాడు గూడా అత్త అనే పిలిచినాడు," అంది.

ఎవరూ ఏమీ కట్టలేదు. బెంగళూరాయన వచ్చి, ఎప్పుడో దాచిపెట్టిన పాత కాపీతో కంప్యూటరును మళ్లీ లేపాడు. కొన్ని నెట్లు దక్కాయి. బాయికి దూరంగా ఉన్న మిరప నారు మాత్రం ట్రేలతో సహా ఎండిపోయింది. అత్త ఆ ట్రేలు ఒక్కొక్కటే బోర్లించి దులుపుతుంటే, వద్దని ఎవరం అనలేకపోయాం.

ఆ తర్వాత ఎవరి ప్రశ్న వాళ్ల ఫోనుకే వచ్చేటట్టు మార్చేశారు. నేను పేరు కొడతాను, నా ఫోను నన్నే అడుగుతుంది, నువ్వేనా అని. నేనే నొక్కుతాను. నిమిషం పట్టదు. అన్నం తిన్నానా అని అడిగేవాళ్లు లేరు. అత్త కొన్నాళ్లు గేటు దగ్గర కూర్చుంది. తర్వాత గుడుపల్లెలో తమ్ముని ఇంటికి పోయింది. ఓనరు ఉండమన్నాడు, నిజంగానే ఉండమన్నాడు. ఆమె ఉండలేదు.

పోయిన ఏడాది కుప్పం పోయినప్పుడు పాపా నేనూ గుడుపల్లెకు పోయి ఆమెను చూశాం. మనిషి ఇంకా చిక్కింది. కళ్లద్దాలు కొత్తవి, వాటికి పుల్ల సరిగ్గానే ఉంది, అయినా చేత్తో పట్టుకునే మాట్లాడుతోంది. మజ్జిగ ఇచ్చింది. మాటల్లో ఆ అడిమినప్ప ఊసొచ్చింది. అందరం నవ్వుకున్నాం. నేను నవ్వుతూనే అన్నాను, "వాడు మనోడేనని ఎట్ల నమ్మితివత్తా?"

"నమ్మింది యాడ? మనోడు కాదని నాకు తెలుసప్పా," అంది.

పాప మజ్జిగ గ్లాసు దించింది.

"మీరంతా పనుండి వస్తా ఉంటిరి. నేను ఒత్తితే లోపలికి పోతా ఉంటిరి. ఒత్తకపోతే ఓనరుకు ఫోన్ చేస్తా ఉంటిరి. తప్పు లేదు, మీ పని అట్లాటిది. వాడట్ల కాదు. ఎన్ని తూర్లు పొమ్మన్నా, తిరిగొచ్చి నన్నే అడిగినాడు. నా వాకిలికి అట్ల వచ్చినోళ్లు ఎవురూ లేరు. మా ఆయన గూడా, కోపమొచ్చి పుట్టింటికి పోతే, ఒక్క తూరి వచ్చి పిలిచి, రానంటే ఊరికే పోయినాడు."

నోట్లో వక్కాకుతో ఎర్రగా నవ్వింది.  పొద్దు కుంకుతోంది. కోళ్లు పెరట్లో చెదిరి తిరుగుతుంటే లోపల్నుంచి ఆమె మరదలు కేక వేసింది. అత్త నా భుజం పట్టుకుని లేచి, చెప్పులు తొడుక్కుని, బా బా అని పిలుచుకుంటూ వాటి వెనకే పోయింది.